పుంతలంక మహా అగ్నిప్రమాదం

మా ఊరు కాలి బూడిదైన రోజున సన్నగా వాన పడుతోంది. నేను లైబ్రరీలో కూర్చుని పాత వారపత్రికలకు అట్టలు వేసుకుని, మధ్యాహ్నం పెరుగన్నం తిని, అయిదింటికి తాళం పెట్టి ఇంటికి వెళ్ళాను. దారిలో ఎక్కడా పొగ కనిపించలేదు. ఊరు కాలిపోయిన సంగతి మర్నాడు ఉదయం మునిసిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద చదివాను. చదివి నిర్ఘాంతపోయానని రాస్తే బాగానే ఉంటుంది గానీ, అది అబద్ధం. ఆ ప్రమాదానికి మూలమైన కాగితం రాసింది నేనే.

నా పేరు పెచ్చెట్టి భాస్కరం. పుంతలంక పురపాలక గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళుగా లైబ్రేరియన్ని. ఆ సంవత్సరం ప్రభుత్వంవారు 'అక్కానగర పథకం' అని ఒకటి ప్రవేశపెట్టారు. ప్రతి పురపాలక సంఘమూ ప్రపంచంలోని ఒక మహానగరాన్ని అక్కగా స్వీకరించాలి. స్వీకరించి ఊరుకోకూడదు. "సదరు మహానగరము అభివృద్ధి చెందిన మార్గమున, ఏ ఒక్క మెట్టును విడువక, క్రమముగా నడవవలెను" అని సర్క్యులర్లో ఉంది. ఎవరికి ఏ అక్క అన్నది జిల్లా కేంద్రంలో చీటీలు వేసి తేల్చారు. పక్క మునిసిపాలిటీకి సింగపూరు వచ్చింది. మా కమిషనర్ ఇందుశేఖర్ గారు తీసిన చీటీలో చికాగో ఉంది.

ఇందుశేఖర్ గారు లంచం తీసుకోరు, సెలవు పెట్టరు, ఎవరినీ కసురుకోరు. పైనుంచి వచ్చిన ప్రతి సర్క్యులర్‌నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమ్ముతారు. లంచగొండి కమిషనర్ల దగ్గర ఏదో ఒక బేరం కుదురుతుంది. ఈయనతో ఆ వీలు కూడా లేదు.

ఆయన నన్ను పిలిపించారు.

"భాస్కరం గారూ, చికాగో గురించి మీ దగ్గర ఏమైనా ఉందా?"

"ఒక పుస్తకం ఉందండీ. ఎవరో దానమిచ్చారు."

"చదివారా?"

"సగం దాకా చదివానండీ."

"సగం చాలు. చికాగో ఇంతటిది ఎలా అయిందో వరసగా రాసివ్వండి. ఒక పేజీ దాటకూడదు. పైవాళ్ళు రెండో పేజీ తిప్పరు."

నాకు సంతోషమేసింది. ఇరవై రెండేళ్ళలో నా దగ్గరున్న పుస్తకంలో ఏముందని ఒక అధికారి అడగడం అదే మొదలు. ఆ ఉత్సాహంతో కూర్చుని రాశాను. చికాగో కథ ఎవరు చెప్పినా వినాలనిపించేదే. సరస్సు పక్కన బురద నేలలో పుట్టిన ఊరు. వీధుల్లో బండి చక్రాలు దిగబడిపోతుంటే, అక్కడి వాళ్ళు భవనాలకు భవనాలనే జాకీల మీద పైకి లేపారు. లోపల మనుషులు వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటూ ఉండగానే లేపారు. ఆ తర్వాత పద్దెనిమిది వందల డెబ్బై ఒకటి అక్టోబరులో మహా అగ్నిప్రమాదం. ఎనిమిదిన్నర చదరపు కిలోమీటర్ల ఊరు బుగ్గిపాలయింది, సుమారు మూడు వందల మంది పోయారు. ఆ బూడిదలోంచే ఆకాశాన్నంటే భవనాలు లేచాయి, ప్రపంచ ప్రదర్శన జరిగింది. చివరికి మురుగు తాగునీటిలో కలుస్తోందని నదినే వెనక్కి తిప్పేశారు.

అగ్నిప్రమాదం దగ్గర ఒక ఐర్లండు ఆవిడ ఆవు సంగతి రాశాను. కొట్టంలో పాలు పితుకుతుంటే ఆ ఆవు లాంతరును తన్నిందనీ, ఊరంతా అంటుకుందనీ అక్కడ చెప్పుకుంటారు. ఆవు కథ తాను కల్పించిందేనని ఒక పత్రికా విలేకరి చాలా ఏళ్ళకి ఒప్పుకున్నాడని కూడా అదే పుస్తకంలో ఉంది. అదీ రాశాను. రాసేసరికి ఆఖరి వాక్యం రెండో పేజీలోకి జారింది. ఏదో ఒకటి తియ్యాలి. ఆవును ఉంచి విలేకరిని తీసేశాను. కథ ఆవుతోనే బాగుంది.

మొదటి మెట్టు భవనాలు లేపడం. మునిసిపాలిటీకి సొంతంగా ఉన్నవాటిలో లేపడానికి లొంగింది బస్టాండు దగ్గరి ప్రయాణికుల షెడ్డు ఒక్కటే. లారీల జాకీలు పద్నాలుగు తెప్పించి, దాన్ని నాలుగడుగులు పైకి లేపి, కింద ఇటుకలు పేర్చారు. షెడ్డులోకి ఎక్కడానికి నిచ్చెన వేశారు. కమిషనర్ గారు నిచ్చెనెక్కి ప్రారంభించారు. ముసలివాళ్ళు ఎక్కలేక ఎండలో నిలబడ్డారు. ఎక్కగలిగినవాళ్ళు బస్సు వచ్చేసరికి దిగలేకపోయారు. మొదటి మెట్టు సంపూర్ణంగా సాధించడమైనదని రిపోర్టు వెళ్ళింది.

రెండో మెట్టుకు మీటింగు పెట్టారు. నన్ను చరిత్ర సలహాదారు హోదాలో కూర్చోబెట్టారు. ఫైర్ స్టేషన్ ఆఫీసర్ దానియేలు గారిని కూడా పిలిచారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసు, మార్చిలో రిటైరు కావలసిన మనిషి. వరదల్లో చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడుతున్న ఇద్దరిని వీపున వేసుకుని వచ్చిన మనిషి.

"అగ్నిప్రమాదం లేనిదే పునర్నిర్మాణం లేదు. పునర్నిర్మాణం లేనిదే ఆకాశహర్మ్యం లేదు. కావున ఈ మెట్టు దాటవేయుటకు వీలులేనిది" అన్నారు కమిషనర్ గారు. "దానియేలు గారూ, మీ శాఖాపరమైన సహకారం ఏ రూపంలో ఉంటుంది?"

"మాకు ఆర్పడం వచ్చండి" అన్నాడు దానియేలు గారు నెమ్మదిగా. "అంటించడం మా ట్రైనింగులో లేదండి. పైగా అంటిస్తే కేసవుతుందండి."

కమిషనర్ గారు కలం మూత పెట్టి ఆలోచించారు. చట్టం కాదన్న పని ఆయన చెయ్యరు. సర్క్యులర్ చెప్పిన పని మానరు. రెండింటి మధ్యా ఆయనకు దారి దొరికింది.

"అగ్నిప్రమాదం జరపనవసరం లేదు. జరిగినట్టు పరిగణిద్దాం."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

అక్టోబరు ఎనిమిదో తేదీ ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదింటి వరకు పుంతలంక కాలినట్టు నిర్ణయించారు. చికాగోలో రాత్రి అంటుకుంది గానీ, ఆఫీసు వేళలు దాటిన ప్రమాదానికి సిబ్బంది బాధ్యత వహించరని హెడ్ గుమాస్తా అభ్యంతరం చెప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు మంటలకు భోజన విరామం ఇచ్చారు. విస్తీర్ణం దగ్గర చిక్కొచ్చింది. ఎనిమిదిన్నర చదరపు కిలోమీటర్లు కాలాలి. మా ఊరు మొత్తం కలిపి ఆరు. మిగిలిన రెండున్నరా పక్క గ్రామం వరిచేలల్లో కాలినట్టు రాశారు. ఆ పంచాయతీవాళ్ళు తమ చేలు పచ్చగా ఉన్నాయని అర్జీ పెట్టుకున్నారు. పచ్చదనం ప్రమాదానంతర పునరుద్ధరణలో భాగమని జవాబు వెళ్ళింది.

ఇక ఆవు కావాలి. ఊళ్ళో ఉన్న ఆవులన్నీ గుడివారి గోశాలలో ఉన్నాయి. వాటి జోలికి వస్తే ఊరుకోమని ధర్మకర్తలు కబురు చేశారు. నా కాగితంలో ఆవు ఊరికి నైరుతి దిక్కున ఉండేదని రాసి ఉంది. పుంతలంకకు నైరుతిన కాలవగట్టు వీధి ఉంది. ఆ వీధిలో చింతా నూకరత్నం అనే ఆవిడకి పాడిగేదె ఉంది. "గేదెను ఈ పథకం నిమిత్తం ఆవుగా పరిగణించడమైనది" అని ఫైలులో ఒక వాక్యం పడింది.

నోటీసు అందుకున్న రోజునే నూకరత్నం లైబ్రరీకి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. భర్త లారీ మీద వెళ్ళి నెలకో రెండు నెలలకో వస్తాడు. గేదె పాలతోనే ఇల్లు గడుస్తుంది. ఇరవై ఇళ్ళకి పాలు పోస్తుంది. నీళ్ళు కలపదని పేరు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ఓసారి సదివి పెడతారా మాస్టారూ. అచ్చరాలు తెలుస్తున్నాయి గానీ అర్థం తెలవడంలేదండి."

చదివాను. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తేదీ ఎనిమిదిన సంభవించిన మహా అగ్నిప్రమాదమునకు తమ యాజమాన్యమునందలి పశువు కారణభూతమైనట్లు నిర్ధారించడమైనది, కావున తమరు విచారణకు హాజరు కావలెను.

"ఏ అగ్నిప్రమాదమండి?"

"మన ఊరు కాలిపోయిందట."

"ఎప్పుడండి?"

"మొన్న బుధవారం."

ఆవిడ కిటికీలోంచి బజారు వైపు చూసింది. కూరగాయల బండి దగ్గర ఎవరో బెండకాయలు విరిచి చూసుకుంటున్నారు.

"మా సిట్టి గేదె ఏం సేసిందంటారు?"

"లాంతరు తన్నిందని."

"మా ఇంట్లో లాంతరు లేదు కదండీ. కొట్టంలో ట్యూబులైటు ఉంది." కాగితం మడతపెట్టుకుంటూ, "ఎవరో పొరపాటున రాసుంటారండి. సదువుకున్నోళ్ళు కదా, సరిసేస్తార్లెండి" అంది.

నేను తల ఊపాను. రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ నాకు దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే నవ్వుకుని మరిచిపోయేవాళ్ళం. నెల తిరక్కుండానే ప్రతి ఇంటి గుమ్మానికీ 'దగ్ధగృహం' అని నంబరుతో రేకుముక్క కొట్టారు. హైస్కూల్లో 'నేను చూసిన మహా అగ్నిప్రమాదం' అని వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన వ్యాసం నేనే దిద్దాను. మంటలు నాలుకలు చాస్తుంటే తమ్ముణ్ణి చంకన వేసుకుని పరుగెత్తిన వర్ణన చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. టీవీవాళ్ళు వచ్చారు. బజారులో ఒక పెద్దమనిషి, తాను కళ్ళారా చూశాననీ, నైరుతి మూల నుంచి ఎర్రగా లేచిందనీ చెప్పాడు. మొదట నవ్వుతూ చెప్పాడు. మూడో చానల్ వచ్చేసరికి నవ్వడం మానేశాడు.

అప్పటిదాకా ప్రాణనష్టం కాలమ్ ఖాళీగా ఉంది. చికాగోలో వెయ్యికొకరు చొప్పున పోయారని కమిషనర్ గారు లెక్క తేల్చారు. మా ఊరి జనాభా నలభై వేలు. జనన మరణాల రిజిస్టరు తెరిచి, ఆ నెలలోనూ ముందు నెలల్లోనూ పోయిన నలభై మంది పేర్లు తీశారు. మరణకారణం అన్న చోట గుండెపోటు, మధుమేహం, వృద్ధాప్యం అన్న మాటలు కొట్టేసి 'అగ్నిప్రమాదం' అని ఎర్రసిరాతో దిద్దారు. దిద్దిన సర్టిఫికెట్లు ఇళ్ళకి పంపారు.

దాంతో ఊరి ముఖం మారింది. సర్కారు ముద్ర వేసి, తల్లిపేరు రాసి, నిప్పుకి పోయిందని ఇస్తే, కాదని ఎంతకాలం అనుకోగలరు? కంసాలి వీధిలో పట్నాల వెంకటరమణ అని వెండిపని చేసే అతను ఉన్నాడు. అతని తల్లి సెప్టెంబరులో నిద్రలోనే పోయింది. అతను ఒక ఉదయం ఆ సర్టిఫికెట్ పట్టుకుని నూకరత్నం గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మా అమ్మ నీకేం చేసింది?" అన్నాడు. అరవలేదు.

అతను జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఇరవై ఇళ్ళలో పదిహేడు ఇళ్ళవాళ్ళు పాలు వద్దన్నారు. కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే ముందున్న బిందెలు పక్కకి జరిగాయి. ఎవరో కొట్టం గోడ మీద బొగ్గుతో 'నిప్పు గేదె' అని రాశారు.

ఈ సంగతులు దానియేలు గారు వచ్చి చెప్పాడు. ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉంది. మునిసిపాలిటీ రిపోర్టు చూసి ఆయన శాఖవారు పంపిన మెమో. మహా అగ్నిప్రమాదము జరుగుచున్న సమయమున కేంద్రమునందు కుర్చీలో కూర్చుని ఉన్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

"కూర్చున్నమాట నిజమే మాస్టారూ" అన్నాడు. "పేపరు చదువుతున్నాను. ఫోను మోగలేదండి. మోగితే నేను వెళ్ళకుండా ఉన్నానా ఏనాడైనా?" ఆయన నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు. "నిన్న మా ఆవిడ కూడా అడిగింది, పోనీ కిటికీలోంచైనా చూడలేకపోయారా అని."

ఆ రాత్రి పుస్తకం తీసి, అప్పుడు వదిలేసిన రెండో సగం చదవడం మొదలుపెట్టాను. ఆ ఐర్లండు ఆవిడ గురించి మళ్ళీ ఎక్కడైనా వస్తుందేమోనని పేజీలు తిప్పాను. వచ్చింది. అగ్నిప్రమాదం తర్వాత ఇరవై నాలుగేళ్ళు బతికిందట. విలేకరులకు భయపడి గుమ్మం దాటి రావడం తగ్గించుకుందట. ఫోటో తీయించుకోవడానికి ఎన్నడూ ఒప్పుకోలేదట. అది చదివి, ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి పుస్తకం మూసేశాను.

విచారణ రోజున మునిసిపల్ హాలు నిండిపోయింది. నూకరత్నాన్ని నిలబెట్టారు. కుర్చీ వెయ్యమని నేనంటే, కారణభూత వ్యక్తులకు ఆసన సదుపాయం నిబంధనల్లో లేదన్నాడు హెడ్ గుమాస్తా.

"లాంతరు ఎక్కడ పెట్టారు?" అని అడిగారు కమిషనర్ గారు.

"లాంతరు లేదండి. ట్యూబులైటు."

"ట్యూబులైటును లాంతరుగా పరిగణించడమైనది. ఎక్కడ పెట్టారు?"

"గోడకండి. పైన."

"ఎంత ఎత్తున?"

"నా సెయ్యి అందదండి. కరెంటాయన బల్లేసుకుని బిగించాడు."

"అంత ఎత్తునున్న లాంతరును పశువు ఏ విధంగా తన్నినది?"

"అది మీరే సెప్పాలండి" అంది నూకరత్నం. "రాసింది మీరు కదండీ. మా సిట్టికి తన్నే అలవాటే లేదండి. ఈగని తోలుకోడానికి కూడా బద్దకమండి దానికి."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వెంకటరమణ ముందు వరసలో సర్టిఫికెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను లేచాను.

"అయ్యా, ఆ కాగితం నేను రాసిందే. అందులో ఒక వాక్యం వదిలేశాను. చికాగోలో కూడా ఆవు ఏమీ చెయ్యలేదండి. అది కట్టుకథని ఆ రాసిన విలేకరే ఒప్పుకున్నాడు."

నూకరత్నం నావైపు తిరిగి చూసింది. ఆ చూపును నేను తప్పించుకోలేదు.

"ఎందుకు వదిలేశారు?" అన్నారు కమిషనర్ గారు.

"పేజీ సరిపోలేదండి."

ఆయన అర్థమైనట్టు తల ఊపారు. అది ఆయనకు సబబైన కారణంగానే తోచింది.

"ఇంకొకటుందండీ" అన్నాను. "ఆ ఆవిడ తప్పేమీ లేదని చికాగో నగర పాలకులే తీర్మానం చేశారు. పుస్తకంలో ఉంది." పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

ఇందుశేఖర్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ అంతా శ్రద్ధగా చదివారు. ముఖం విప్పారింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆవిడను వదిలెయ్యడానికి దారి దొరికినందుకు ఆయనకూ సంతోషంగానే ఉంది.

"చాలా ముఖ్యమైన మెట్టు" అన్నారు. "నూకరత్నం గారూ, మీకు నిర్దోషిత్వం తప్పక లభిస్తుంది. అక్కానగరంలో అలాగే జరిగింది." వేలితో పంక్తి చూపిస్తూ గుమాస్తాకు చెప్పారు. "పంతొమ్మిది వందల తొంభై ఏడు. అంటే ప్రమాదం జరిగిన నూట ఇరవై ఆరు సంవత్సరాలకు. మెట్టు విడువరాదు, ముందుకు జరపరాదు. తదనుగుణంగా ఈమె విషయం నూట ఇరవై ఆరు సంవత్సరాల అనంతరం అక్టోబరు మాసపు సమావేశంలో పెట్టవలసినదిగా రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు.

"అప్పటిదాకా నేనేం సెయ్యాలండి?" అని అడిగింది నూకరత్నం.

"యథాస్థితి" అన్నారు కమిషనర్ గారు దయగా.

ఆ సాయంత్రమే కాలవగట్టు వీధికి వెళ్ళాను. నూకరత్నం గేదె ముందు తౌడు కలుపుతోంది. పెద్దాపురం దగ్గర చెల్లెలి ఊరుందనీ, గేదెను తోలుకుని అక్కడికి పోదామనుకుంటున్నాననీ చెప్పింది. నన్ను కూర్చోమనలేదు. నేను నిలబడే, "తప్పు చేశానమ్మా" అన్నాను.

ఆవిడ తౌడు కలిపిన చెయ్యి కడుక్కుని చీర చెంగుతో తుడుచుకుంది.

"ఆ వేళ మీకాడికే వచ్చి మీసేతే సదివించుకున్నానండి" అంది. "అప్పుడన్నా సెప్పలేకపోయారా?"

"సిగ్గేసింది."

"నాకు కుళాయి కాడికెళ్ళాలంటే సిగ్గేస్తందండి ఇప్పుడు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సరే, రాయడం మీకొచ్చు కదండీ. ఆ కాగితం మీరే రాశారు. ఇంకో కాగితం కూడా మీరే రాయండి. ఆరోజు నిప్పు లేదని రాయండి. వందేళ్ళ తరవాత నాకెందుకండి అది. నాకు రేపు కావాలి."

మర్నాడు లైబ్రరీ తెరవగానే రాశాను. అక్టోబరు ఎనిమిదిన పుంతలంకలో ఎక్కడా అగ్నిప్రమాదం జరగలేదనీ, ఆ రోజంతా వాన పడిందనీ, నేను చూశాననీ, చింతా నూకరత్నం గారి గేదె ఎవరికీ ఏ హానీ చెయ్యలేదనీ రాసి, సంతకం పెట్టి, గ్రంథాలయం ముద్ర వేశాను. నాలుగు పంక్తులు. పేజీలో చాలా చోటు మిగిలింది. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కొట్టం గోడకు, బొగ్గు రాతల మీదుగా, మేకు కొట్టి తగిలించింది.

రెండు రోజులకి నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ రికార్డులకు విరుద్ధంగా వ్యక్తిగత జ్ఞాపకము కలిగి ఉన్నందుకు ఎందుకు సస్పెండ్ చేయరాదో తెలుపవలెను. తర్వాత వాళ్ళకే సందేహం వచ్చింది. రికార్డుల ప్రకారం లైబ్రరీ కాలిపోయింది. లైబ్రరీ లేనప్పుడు లైబ్రేరియన్ ఉద్యోగం లేదు. లేని ఉద్యోగంలోంచి మనిషిని తాత్కాలికంగా ఎలా తొలగించాలన్నది ఏ నిబంధన కిందికీ రాలేదు. ఫైలు పైకి పంపారు. నేను రోజూ వెళ్ళి తలుపులు తీస్తూనే ఉన్నాను.

మొదట దానియేలు గారు వచ్చాడు. "ఆ రోజు ఫోను మోగలేదని రాసిస్తారా మాస్టారూ? మెమోకి జవాబుగా పెట్టడానికి కాదు. మా ఆవిడకి చూపిస్తాను" అన్నాడు. రాసిచ్చాను. ఆ తర్వాత మంగలి షాపతను వచ్చాడు. తన షాపు కాలలేదని, ఆ రోజు పదకొండు గడ్డాలు గీశానని రాయమన్నాడు. వ్యాసానికి మొదటి బహుమతి వచ్చిన పిల్లను వాళ్ళమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి తమ్ముడే లేడని రాయమంది. బజారులో టీవీకి చెప్పిన పెద్దమనిషి అటూ ఇటూ చూసి, తనకు నైరుతి ఎటో సరిగా తెలియదని రాయించుకున్నాడు. వారం తిరిగేసరికి మెట్ల మీద మనుషులు వరసగా కూర్చుంటున్నారు. ఇరవై రెండేళ్ళలో నా లైబ్రరీకి అంతమంది ఎప్పుడూ రాలేదు.

మునిసిపాలిటీ మాత్రం దేన్నీ రద్దు చెయ్యలేదు. రికార్డుల్లో మా ఊరు ఇప్పటికీ బూడిదే. ఇందుశేఖర్ గారు ఆకాశహర్మ్యాలు లేచినట్టూ, ప్రపంచ ప్రదర్శన జరిగినట్టూ పరిగణించేసి నది మెట్టుకు వెళ్ళిపోయారు. వచ్చే ఒకటో తారీకు నుంచి కాలవ వెనక్కి పారుతున్నట్టు పరిగణించబోతున్నారని తెలిసింది.

శనివారం నాడు నూకరత్నం వచ్చింది. పెద్దాపురం వెళ్ళే సంగతి ఏం చేసిందో నేనడగలేదు. చెల్లెలికి ఉత్తరం రాసిపెట్టమంది. రాస్తుండగా వెంకటరమణ లోపలికి వచ్చాడు. ఆవిడను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి వెళతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. జేబులోంచి ఎర్రసిరా దిద్దిన సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మ ముసలితనంతో పోయిందని రాసివ్వండి మాస్టారూ" అన్నాడు. తల ఎత్తలేదు. "నిద్రలోనే పోయింది. పక్కనే ఉన్నాను నేను. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కాగితం పట్టుకుని..."

నేను తెల్లకాగితం తీశాను. "వయసెంత వెయ్యమంటారు?"

"తొంభై ఒకటి."

"తొంభై రెండండి" అంది నూకరత్నం.

వెంకటరమణ ఆవిడవైపు చూశాడు.

"పాలు పోసినప్పుడు సెప్పేది. తుపానొచ్చిన ఏడాది పుట్టాను, మావాడు లెక్క తప్పు సెప్తాడు అనేది." ఆవిడ ఉత్తరం మడతపెట్టుకుంటూ అంది. "పొద్దున్నే గుమ్మంలో కూర్చుని సిట్టి ఎలా ఉందే అని అడిగేది, నేనెలా ఉన్నానో అడక్కుండా."

వెంకటరమణ ముఖం అటు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదలడం కనిపించింది. నేను తొంభై రెండు అని రాసి, వృద్ధాప్యం అని రాసి, ముద్ర వేసి ఆరబెట్టాను. అతను కాగితం అందుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"రేపట్నించి అర్ధలీటరు పొయ్యి" అన్నాడు.

"ఇంట్లో పిల్లలున్నారు కదా, లీటరు పోస్తాను" అంది నూకరత్నం.